జద్దా పొయ్యిలో మళ్లీ కట్టెలు మండిన రోజు

మా చిన్నప్పుడు... అభాలో చలికాలం సాయంత్రాలు కిటికీ తీస్తే చాలు, పొగమంచు ఇంట్లోకి వచ్చేసేది. సౌదీ అంటే అందరూ ఎడారే అనుకుంటారు గానీ, అభా కొండ మీది ఊరు. రెండు స్వెట్టర్లు వేసుకున్నా పళ్లు టకటకలాడేవి!

మా కింది వాటాలో ఇంటి ఓనరు సాలెహ్, వాళ్లమ్మ ఉండేవారు. ఆమెను మేమూ 'జద్దా' అనే పిలిచేవాళ్లం... అరబ్బీలో అవ్వ అని.

వాళ్ల ముందుగదిలో గోడలోనే కట్టిన చలిమంట పొయ్యి ఉండేది. గోడలు మసిబారుతున్నాయని సాలెహ్ దానికి గ్యాస్ పెట్టించాడు. పింగాణీతో చేసిన దొంగ కట్టెలు... మీట తిప్పితే నీలం మంట. జద్దా దాని ముందు ఒక్కరోజూ కూర్చోలేదు. పెరట్లో నాలుగు పుల్లలు పోగేసి, ఆ ఈదురుగాలిలోనే మంట వేసుకునేది. చివరికి జ్వరంతో మంచం పట్టింది.

అప్పుడు సాలెహ్ మా నాయన దగ్గరికి వచ్చాడు. కడప నుంచి వెళ్లిన నాయన అక్కడ గ్యాస్ లైన్ల మెకానిక్. "దీన్ని మళ్లీ కట్టెల పొయ్యి చేయగలవా?" అని అడిగాడు.

అమ్మకు భయం. "గ్యాసుతో ఆటలొద్దయ్యా... ఏమన్నా అయితే మనల్ని ఈ ఇంట్లో ఉండనిస్తారా?"

"గ్యాసు బొత్తిగా తీసేసినాకనే కట్టె పెడతాలే" అన్నాడు నాయన.

శుక్రవారం నమాజు కాగానే పనిలోకి దిగాడు. బర్నరు, దొంగ కట్టెలు ఊడదీశాడు. గ్యాస్ పైపుకు ఇంటి బయటే మూత బిగించి, సబ్బునురుగు రాసి లీకు లేదని రెండుసార్లు చూసుకున్నాడు. మేడెక్కి పొగగొట్టం మీది రేకు తీస్తే... లోపలంతా పిచ్చుక గూళ్లు! అవన్నీ దులిపి దిగేసరికి కళ్లు తప్ప మనిషి కనిపించలేదు. తమ్ముడూ నేనూ ఒకటే నవ్వు.

తీరా కట్టెలు అంటిస్తే పొగంతా గదిలోకే తన్నింది. తెల్లటి గోడలు... సాలెహ్ ముఖం మాడిపోయింది. నాయన గబగబా కిటికీలన్నీ తెరిచాడు.

అప్పుడు దుప్పటి కప్పుకుని జద్దా వచ్చింది. "గొట్టం ఇన్నేళ్లుగా చల్లబడి ఉంది నాయనా... ముందు దాన్ని వెచ్చబెట్టు" అంది. కాగితం మెలిపెట్టి, అంటించి గొట్టంలోకి పైకి పట్టుకోమని చేత్తో చూపించింది. నాయన అలాగే పట్టుకున్నాడు. రెండు నిమిషాలకు... గొట్టం పొగను సర్రున పైకి లాగేసింది!

"ఇన్నేండ్ల సర్వీసు నాది... ఈ సంగతి నాకు తెల్దే!" అన్నాడు నాయన. జద్దా దగ్గుతూనే నవ్వింది.

ఆ సాయంత్రం అమ్మను కూడా కిందికి పిలిచి, ఆ మంట మీదే కహ్వా... అదే, అరబ్బీ కాఫీ... కాచి ఇచ్చింది. తుమ్మకట్టెల వాసన పీల్చి "మా ఇంటి పొయ్యి మాదిరే ఉంది" అంటూ అమ్మ కళ్లు తుడుచుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు... అయినా ఎంతసేపు కూర్చున్నారో! ఆ చలికాలమంతా సాలెహ్ కూడా ఆఫీసు నుంచి రాగానే తల్లి పక్కనే చేరేవాడు. మసి గోడల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు రియాద్‌లో మా ఫ్లాట్‌లో గదికో హీటరు... ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటాం. వేడికి లోటు లేదు గానీ, పక్కకు జరిగి చోటివ్వాల్సిన అవసరమే ఎవరికీ రావడం లేదు.

మీ ఇంట్లో అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టిన మంట ఏది... చెప్పరూ?