ఏటిన్నావని అడిగే మనిషి

పది రోజుల కిందట మా చెల్లెలి కూతురు ఫోను చేసి, పెద్దమ్మా, మీ సంగీత దర్శకుడు మన ఊళ్ళో కచేరీ చేస్తున్నాడు, ఇద్దరికీ టిక్కెట్లు తీసేశాను, ఇంక కాదనకు అంది. 'మీ' సంగీత దర్శకుడు అనడంలో కాస్త వేళాకోళం ఉందిలెండి. ఆయన పేరు నేనిక్కడ రాయను, మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు కూడా. సినిమా మొదలై తెర మీద పేర్లు పడుతున్నప్పుడు ఎవరి పేరు దగ్గర హాలంతా ఈలలు వేసేదో మీకే గుర్తుంటుంది. తీరా నిన్న కచేరీ వేళకు ఆ పిల్లకు ఆఫీసులో ఏదో పని తగిలింది, రాలేను పెద్దమ్మా, నువ్వు మాత్రం మానకు అని క్యాబు పంపింది. మేముండే మల్కాపురం ఊరికి ఈ చివర, కచేరీ జరిగే మధురవాడ ఆ చివర. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, "ఒక్కలే ఎల్తన్నారేటమ్మా కచేరీకి?" అన్నాడు. పాపం, మర్యాదకే అడిగాడు. అవును బాబూ అన్నాను గానీ, ఆ తర్వాత చాలా దూరం వరకు కిటికీలోంచి ఏం చూశానో నాకు తెలియదు.

'మేముండే' అని చేయి అలవాటుగా రాసేసింది. ఆ ఇంట్లో మూడేళ్ళుగా నేనొక్కదాన్నే ఉంటున్నాను.

నిజం చెప్పాలంటే సంగీతం నా సొత్తు కాదు, మా ఆయనది. మా నాన్న పోర్టులో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. నేను పంతులమ్మ శిక్షణ పూర్తిచేసి మల్కాపురం బడిలో చేరిన ఏడాదికే, నాన్న స్నేహితుడొకాయన విజయనగరం వైపు పల్లెటూళ్ళో ఒక రైతు కుటుంబం సంబంధం తెచ్చాడు. పెళ్ళికొడుకు ఓడల మరమ్మతు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చిప్పింగ్ పనిలో ఉన్నాడన్నారు. చిప్పింగ్ అంటే ఏమిటో అప్పుడు మాకెవరికీ తెలియదు. ఓడ అడుగున, గాలి సరిగ్గా ఆడని ఇనప గదుల్లోకి దిగి, సుత్తులతోనూ మరలతోనూ గోడలకు పట్టిన తుప్పును కొట్టి రాల్చే పని. పదిమంది ఒకేసారి కొడుతుంటే ఆ మోత ఎలా ఉంటుందో ఒకసారి మా ఆయన ఇంట్లో ఇత్తడి బిందె నా తలకు దగ్గరగా పెట్టి గరిటెతో కొట్టి చూపించాడు. నాకు ఒళ్ళు మండి రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ చెవుల్లో ఇంత దూది కుక్కుకుని ఆ పనికే పోయేవాడు.

అలాంటి మనిషి పాటంటే చెవి కోసుకునేవాడు. అందరిలా గాయకుడి గొంతు కోసం కాదు. ఆ సంగీత దర్శకుడి సినిమా వస్తే మొదటి వారంలోనే రెండుసార్లు చూడాలి, ఒకసారి కథ కోసం, రెండోసారి కళ్ళు మూసుకుని. కొత్తగా పెళ్ళయిన దాన్ని, పట్టుచీర కట్టుకుని హాల్లో కూర్చుంటే పక్కన మొగుడు కళ్ళు మూసుకుని ఉండేవాడు. వెనక వరుసలో మా బడి ఆయా కూడా ఉండేది. మర్నాడు బడిలో, పంతులమ్మగారి మొగుడికి రాత్రిళ్ళు నిద్ర లేదు కాబోలని ఒకటే నవ్వులు. పాట రాగానే బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయేవాళ్ళుండేవారు చూడండి, వాళ్ళంటే మా ఆయనకు మహా కోపం. ఒకసారి తెలియని మనిషి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేశాడు కూడా. బాల్కనీ టిక్కెట్టు కొనగలిగి ఉండీ, తెరకు దగ్గరగా, ఎడమవైపు స్పీకరు పెట్టె కిందే కూర్చునేవాడు. నాకు మెడ పట్టేసేది.

"పాట కాదే, పాట కింద ఏటవుతందో ఇను" అనేవాడు. ఇంటికి నడిచి వస్తూ దారి పొడుగునా చెప్పేవాడు. హీరోయిను ఉత్తరం చదువుతున్నప్పుడు వయొలిన్లన్నీ ఆగిపోయి ఒక్క వేణువు మిగిలింది చూశావా, తల్లి తలుపు తీసే ముందే డోలు చప్పుడు తగ్గించేశాడు చూశావా, అని. నేనేం చూశాను, హీరోయిను జాకెట్టు చేతులు చూశాను. కానీ చెప్పగా చెప్పగా నాకూ చెవులు తెరుచుకున్నాయి. మనుషులు మాట్లాడుతుంటే వెనక మరొకరు మెల్లగా మనసులో మాట చెబుతున్నట్టుండే ఆ సంగీతం నాకు వినిపించడం మొదలైంది. పిల్లలు లేరన్న బాధ మా ఇద్దరికీ ఉండేది. సినిమాకు వెళ్ళి తిరిగి వచ్చే ఆ దారిలో మాత్రం అది గుర్తొచ్చేది కాదు.

అలా పదేళ్ళు గడిచాక ఎప్పుడు మారిందో సరిగ్గా చెప్పలేను గానీ, ఆయన చెప్పడం తగ్గించి నన్ను అడగడం మొదలుపెట్టాడు. హాలు బయటికి రాగానే నా మొహంలోకి చూస్తూ, "ఏటే, ఏటిన్నావు? సెప్పు" అనేవాడు. రేడియోలో పాట వస్తుంటే ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుని, నేను వంటింట్లోంచి రాగానే అదే ప్రశ్న. రోజంతా నలభైమంది పిల్లల్ని ప్రశ్నలడిగి అడిగి వచ్చినదాన్ని, నాకు పరీక్ష పెడుతున్నాడని చిరాకు పుట్టేది. నేర్పింది నేనే కదా, ఎంత నేర్చుకుందో చూద్దామన్న గొప్ప అనుకున్నాను. బాగా ఉన్న రోజున వివరంగా చెప్పేదాన్ని. ఫలానా చోట వయొలిన్లు చింతచెట్టు మీద వానలా మొదలయ్యాయనో, ఆ తబలా వాడికి ఆకలేసినట్టుందనో, నోటికొచ్చింది అనేదాన్ని. ఆయన నా పెదవుల వంకే చూస్తూ వినేవాడు. ఓపిక లేని రోజున, బాగుందిలెండి, పడుకోండి అని అటు తిరిగేదాన్ని. గట్టిగా పిలిస్తే తప్ప పలకడు, తలుపు కొడితే తీయడు, అన్నీ చూస్తూనే ఉన్నాను. మగవాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళ మాట వినిపించుకోకపోవడం ఎక్కడైనా ఉన్నదేగా అని సరిపెట్టుకున్నాను. పంతులమ్మను, వెనక బెంచీలో పిల్లవాడికి బోర్డు ఆనకపోతే పట్టేసేదాన్ని, నా మొగుడి సంగతి పట్టలేకపోయాను.

ఆ సంగీత దర్శకుడు మొట్టమొదటిసారి మన ఊరు వచ్చి సముద్రపు ఒడ్డున కచేరీ చేసినప్పుడు మేమిద్దరం వెళ్ళాం. ఆ పూట మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మధ్యాహ్నం నుంచే గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు. ఎన్నో ఏళ్ళుగా తెర వెనక ఉండిపోయినవాళ్ళు, వయొలిన్ల వాళ్ళు, వేణువు ఊదేవాళ్ళు, అంతమంది ఎదురుగా వరసలు తీరి కూర్చుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పాటలు అయ్యాక, ఒక సినిమాలో వెనక వచ్చే సంగీతం ఒక్కటే, మాటలు లేకుండా మొదలుపెట్టారు. మా ఆయన కళ్ళు మూసుకుని మోకాలి మీద తాళం వేయసాగాడు. సరిగ్గా మధ్యలో మైకులు పోయాయి. చప్పున అంతా చప్పబడిపోయింది. వేదిక మీద వయొలిన్ల కమానులు ఇంకా కదులుతున్నాయి గానీ మా దాకా ఒక్క స్వరమూ వినబడలేదు. జనం అరుపులు, కేకలు, కుర్చీల మీద చరుపులు. నేను ఏమైందో చూడండి అంటూ ఇటు తిరిగాను.

ఆయన తాళం వేస్తూనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని, మొహం నిండా నవ్వుతో, లేని సంగీతానికి ఒక్క దెబ్బ తప్పకుండా వేస్తూనే ఉన్నాడు.

ఎన్నేళ్ళ సంగతులు ఒక్కసారిగా అర్థమయ్యాయో చెప్పలేను. పక్కవాళ్ళు మోచేతులతో పొడుచుకుని ఆయన్ను చూపించి నవ్వుతున్నారు. నేనప్పుడు చేయవలసిన పని, ఆయన చేతి మీద నా చేయి వేసి ఊరుకోవడం. అది చేయలేదు. సిగ్గుతో, కోపంతో భుజం పట్టి కుదిపేశాను. కళ్ళు తెరిచి వేదిక వంక చూశాడు, జనం వంక చూశాడు, చివరికి నా మొహం చూశాడు. నాకు తెలిసిపోయిందని తెలుసుకున్నాడు. నేను లేచి చేయి పట్టుకుని లాగితే, "ఇంకాసేపు కూకుందామే" అన్నాడు మెల్లగా. వినిపించుకోలేదు. మేము రోడ్డెక్కి ఆటో మాట్లాడుకుంటుంటే వెనక మైకులు బాగయ్యాయి, ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలైంది. నాకు వినిపించింది. ఆయనకు చెప్పలేదు.

ఇంటికి వచ్చాక, ఇన్నాళ్ళు నాతో అబద్ధం ఆడారేమని నిలదీశాను. గట్టిగా అరిచి అడగవలసి వచ్చింది, ఇరుగుపొరుగు అందరూ వినేలా. ఆయన తల వంచుకుని, "సెప్తే నువ్వు మరి నాతోటి సినిమాకి రావని బయమేసింది" అన్నాడు.

ఆ మాటకు నేను చాలా ఏడ్చాను. ఏడ్చి, ఎంతో మంచిదాన్ననుకుంటూ ఒక నిర్ణయం తీసుకున్నాను. వినబడని మనిషి ముందు పాట పెట్టడం, పాట ఊసెత్తడం కంటే పాపం ఉండదనుకుని రేడియో తీసుకెళ్ళి బడిలో ఇచ్చేశాను. టీవీలో పాట వస్తే వేరే చానలు మార్చేదాన్ని. సినిమాకు వెళ్దామని తాను అనలేదు, నేనూ అనలేదు. చెవి మిషను పెట్టించాను గానీ, దాంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరోటి తెలియడం లేదని తీసి గూట్లో పెట్టేశాడు. ఒకటి రెండుసార్లు, వీధిలో ఏ పెళ్ళి ఊరేగింపో వెళ్తుంటే, నా మొహంలోకి చూసి ఏదో అడగబోయి ఊరుకున్నాడు. బాధపడుతున్నాడనుకుని నేను మాట మార్చాను. అలా పన్నెండేళ్ళు మా ఇంట్లో కూర సంగతీ, కరెంటు బిల్లు సంగతీ, కాళ్ళ నొప్పుల సంగతీ తప్ప మరో మాట లేదు.

ఆయన పోయిన పదో రోజున, పనిలో తోటివాడు ఒకాయన జాలరిపేట నుంచి వచ్చాడు. మా ఆయన్ను బావా అని పిలిచేవాడు. అతనికీ చెవులు వినబడవు, కేకలేసి మాట్లాడాడు. "బావ మాకు సినిమా మ్యూజిక్కంతా సెప్పీవోడమ్మా. అన్నాల కాడ కూకుని మా పంతులమ్మ ఇలాగందిరా, వయొలిన్లు సింతసెట్టు మీద వానలాగున్నాయందిరా అనీవోడు. మాలో ఎవుడికీ ఇనబడదు కదా, మేం అలాగే ఇనీవోళ్ళం. ఆ కచేరీ కాడి నుంచి మానేసినాడు. ఏం బావా అంటే, మా ఇంటిది ఇప్పుడేటీ సెప్పడం నేదురా అన్నాడు."

అతనికి కాఫీ ఇవ్వాలన్న సంగతి కూడా మరిచిపోయాను. నేను చిరాకుపడుతూ అన్న మాటలు ఓడల డాకులో అన్నం క్యారేజీల చుట్టూ పదిమంది చెవిటివాళ్ళ దాకా పోయాయి. నేను జాలిపడి నోరు మూసుకున్న రోజున వాళ్ళందరికీ పాట ఆగిపోయింది. మా ఆయన చెవులు పోగొట్టింది ఆ పని, సరే. ఉన్న ఒక్క దారినీ మూసేసింది మాత్రం నేనే.

నిన్న కచేరీలో నా పక్క కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. ఇప్పటి ఏర్పాట్లు చాలా గొప్పవి, ఎక్కడ కూర్చున్నా ఒకేలా వినిపిస్తుంది, ఎడమవైపు స్పీకరు కింద కూర్చోవలసిన పని లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు పైకెత్తి అంతా పట్టుకుంటున్నారు. ముందు వరుసలో ఒక జంట, కొత్తగా పెళ్ళయినట్టుంది, విరామంలో చెరో చెవిలో చెరో పరికరం పెట్టుకుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళను తప్పు పట్టడం లేదు. పాట అందరి దగ్గరా ఉన్నప్పుడు ఒకరికొకరు చెప్పుకోవలసిన అవసరమేముంది? మన కాలంలో విన్నది జ్ఞాపకం తప్ప మరెక్కడా ఉండేది కాదు, అందుకని ఇంటికి నడిచే దారంతా చెప్పుకునేవాళ్ళం. పొద్దున్న మా చెల్లెలి కూతురు ఎలా ఉంది పెద్దమ్మా అని మెసేజీ పెట్టింది. బాగుంది అని పెట్టాను.

అసలు విన్నదేమిటో రాయకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. మాటల్లేని సంగీతం నిన్న కూడా వాయించారు. మొదట చెల్లో, అదే ఆ పెద్ద వయొలిన్, ఒక్కటే, పక్కగదిలో పెద్దవాళ్ళెవరో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు తగ్గుస్థాయిలో వచ్చింది. దాని మీదికి వయొలిన్లు వచ్చాయి, అన్నీ ఒకేసారి కాదు, మంచు విడుతుంటే సముద్రం మీద ఒక్కొక్క పడవ కనబడినట్టు ఒకదాని వెనక ఒకటి. తాళం రెండుసార్లు ఆగింది, రెండోసారి కాస్త ఎక్కువసేపు. ఆ ఖాళీలో వాయించేవాళ్ళు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. చివర అందరూ మానేశారు, వేణువు మాత్రం ఒకే స్వరం మీద నిలబడి, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగింది.

ఇంతే. ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టింది? నా చేతిలో పన్నెండేళ్ళు ఉండేవి, ఎదురుగా కూర్చుని నా పెదవుల వంక చూసే మనిషి ఉండేవాడు. నేను కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.