మావగారి పసుప్పచ్చ పువ్వు

మా మావగారికి షుగరు. డాక్టరు తీపి మానమన్న రోజు నుంచీ జగ్గయ్యపేట ఇంట్లో అత్తగారి కళ్ళు ఆయన మీదే. ఆయన ఎవరితో మాట్లాడినా పక్కన నిలబడేవారు. ఫోను కూడా తీసి చూసేవారు.

ఒకరోజు మావగారు నన్ను పెరట్లోకి లాక్కెళ్ళారు.

"అల్లుడుగారూ, నెలకొక్క జిలేబీ. లెక్కల మాస్టారు కదా, ఏదన్నా ఉపాయం చెప్పండి."

నేను నందిగామలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఆ గర్వంతో, "కబురు దాస్తే చాలదండీ, కబురు ఉందన్న సంగతే కనబడకూడదు," అన్నాను.

అందుకని ముందు నెల్లాళ్ళపాటు ఆయన నాకు ఫోన్లో రోజూ ఉత్తినే గుడ్‌మార్నింగ్ పువ్వు పంపారు. ఎర్రదో, తెల్లదో. ఆ తరవాత పసుప్పచ్చ పువ్వు వచ్చిన రోజున, సాయంత్రం నాలుగింటికి నందిగామ బస్టాండు ఎదుట మిఠాయికొట్లో కలుసుకోవాలని ఒప్పందం. కంచికచర్లలో స్నేహితుణ్ణి చూసొస్తానని ఇంట్లో చెప్పి, ఆయన దారిలోనే దిగిపోయేవారు.

మూడు నెలలు దివ్యంగా సాగింది.

నాలుగోసారి పసుప్పచ్చ చామంతి వచ్చింది. వెళ్ళాను. మూల బల్ల దగ్గర అత్తగారు కూర్చుని ఉన్నారు.

"రండి బాబూ, కూర్చోండి. మీ మావగారు రారు. పువ్వు నేనే పంపా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఎలా తెలిసిందండీ?"

"రోజూ చేతికందిన పువ్వు నొక్కి పడేసే మనిషి, నెలకో రోజు కళ్ళజోడు పెట్టుకుని అరగంట వెతుకుతారేంటి? ఆ రోజే కంచికచర్ల ప్రయాణమాయె. జేబులో టిక్కెట్టేమో నందిగామ దాకానే. చొక్కా మీద పాకం మరక. ఆ మూడు రోజుల పువ్వులూ తీసి చూశా, అన్నీ పసుపే."

పువ్వుల రంగులు లెక్క చూసుకున్నాను గానీ, వాటిని వెతికే మనిషిని లెక్కలో వేసుకోలేదు.

"ఎన్ని తినేవారు?"

"ఒక్కటేనండీ."

"బాబూ."

"రెండండీ."

తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాను. ఆవిడ మాత్రం కొట్లో కుర్రాణ్ణి పిలిచి, పావుకిలో జిలేబీ వేడిగా తెమ్మన్నారు. రాగానే నాకు ఒకటి తీసి పెట్టి, తక్కినవన్నీ నిదానంగా తిన్నారు.

"ఆయన ఎదుట తినలేక ఏడాదయింది బాబూ నోరు కట్టుకుని," అన్నారు వేళ్ళు తుడుచుకుంటూ. "ఈ ముక్క ఆయనకి చెప్పారంటే ఊరుకోను."

మరుసటి నెల మావగారిని ఆవిడే వెంటబెట్టుకుని, నన్నూ రమ్మని, అదే కొట్టుకి వచ్చారు. ఒక్క జిలేబీ చెప్పి, సగం ఆయనకిచ్చారు. మిగతా సగం పారేయలేక తిన్నట్టు మొహం పెట్టి తను తిన్నారు.

"పాపం, నాకోసం మీ అత్తయ్య తీపి ముట్టుకోదండీ," అన్నారు మావగారు కళ్ళనీళ్ళతో.

నేను మంచినీళ్ళు తాగాను.