వాతల ఐవారమ్మ

ఎనభైలు ఇంకా రాకముందు, హోసూరు దగ్గర జూజువాడి దారిలో ఒక పల్లె బడిలో నేను రెండో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. అక్కడ పంతులమ్మను ఐవారమ్మ అంటారు. పిల్లల్ని చేర్చడానికి వచ్చే తండ్రులు పలకా బలపం మరిచిపోయేవారు గానీ చింతబెత్తం మాత్రం మరిచేవారు కాదు. "కండ్లు రెండూ వదిలిపెట్టి తోలంతా ఒలిచెయ్యి ఐవారమ్మా" అంటూ, పూలదండ ఇస్తున్నంత మర్యాదగా నా చేతికిచ్చేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆ బెత్తాలన్నీ ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకునేదాన్ని. పిల్లలకు దెబ్బలు తప్పేవి, నాకు వేడినీళ్ళ స్నానం దక్కేది.

అలాంటి ఊళ్ళో ఒక బిడ్డను ఇంట్లో హింసిస్తున్నారని అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి? హెడ్మాస్టరుకి. ఆయనేం చేస్తాడు? తుమ్ముతాడు. ఆయనకు నశ్యం అలవాటు. జవాబు చెప్పడం ఇష్టంలేని ప్రశ్న ఎదురైతే చాలు, డబ్బీ బయటికి వచ్చేది.

ఒకరోజు గొర్రెలు మేపేవాళ్ళ పిల్లవాడు పలక పట్టుకోలేక కింద పడేశాడు. మణికట్టు మీద రెండు కాలిన గుర్తులు, గుండ్రంగా, పక్కపక్కనే. పొయ్యి దగ్గర పొరబాటున కాలితే అంత పొందికగా కాలదు. ఎవరు చేశారని అడిగితే "మా అవ్వ" అన్నాడు. వెంటనే వెళ్ళి హెడ్మాస్టరుకి చెప్పాను.

"వాళ్ళింటి సంగతి మనకెందుకమ్మా? నువ్వేమన్నా పోలీసువా? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది" అని ఆయన తుమ్మాడు.

సాయంత్రం గొడుగు పట్టుకుని నేనే వాళ్ళింటికి బయలుదేరాను. వెనకాల సగం తరగతి. అందరికన్నా వెనక, తరగతిలో ముందు వరుసలో కూర్చునే ఒక పిల్ల; మాటలు రాని మొద్దు అని దాన్ని అందరూ అనేవారు. ఎండాకాలంలో కూడా వాళ్ళన్న పాత పొడుగు చేతుల చొక్కా వేసుకునే వచ్చేది.

"బిడ్డను కాల్చింది నువ్వేనా?" అని వాకిట్లోనే అరిచాను.

"నేనేనమ్మా" అంది అవ్వ, గర్వంగా. "వానికి కామెర్లు వచ్చినాయి. పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టినాను. ఇప్పుడు చూడు, రెండు ముద్దల సంగటి తింటా ఉండాడు."

వాడు నోటినిండా సంగటితో తలూపాడు. నేను వదల్లేదు. హోసూరు ఆస్పత్రి గురించి, పసిచర్మం గురించి దంచి చెప్పాను. అవ్వ రెప్ప వేయకుండా నా కళ్ళలోకే చూస్తూ వింది. మనసు కరిగిందనుకున్నాను. ఆమె లేచి వచ్చి నా కింది రెప్ప లాగి చూసింది.

"నీ కండ్లూ పచ్చంగా ఉండాయి కదమ్మా! ఈడ కూచో, ఒక్క నిమిషం."

పసుపుకొమ్ము నిప్పుల్లోకి పోయింది. కోడలు పాపం ఎంతో మంచిది, నేను కదలకుండా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎలా విడిపించుకున్నానో తెలియదు. గొడుగు అక్కడే, ఒక చెప్పు అక్కడే. గొర్రెలు ఒకవైపు, పిల్లలు ఒకవైపు, నేను ఒకవైపు పరుగు.

మర్నాడు చెప్పూ గొడుగూ మనవడి చేత పంపింది అవ్వ, చెంబెడు మజ్జిగ కూడా పెట్టి. అప్పటికే ఊరంతటికీ నేను వాతల ఐవారమ్మను. హెడ్మాస్టరు ఆరోజు నశ్యం పీల్చకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వి, ఇకమీదట ఎవరింటికీ పోకూడదని ఆర్డరు వేశాడు. ప్రేమతో పెట్టినా వాత వాతే కదా, కాలింది ఆ బిడ్డ చెయ్యే కదా అని నా కోపం. కానీ ఒంటిచెప్పుతో పారిపోయినదాని మాట ఎవరు వింటారు? సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఏ పిల్ల చేతులూ చూడకూడదనుకున్నాను.

ఆ వారమే, బడి వదిలాక పొడుగు చేతుల చొక్కా పిల్ల ఆగిపోయింది. ఇదీ నవ్వడానికే వచ్చిందనుకున్నాను.

"ఐవారమ్మా, మా ఇంటికి ఎప్పుడొస్తావు?"

"మీ ఇంట్లో ఎవరికే కామెర్లు?" అన్నాను.

అది చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన పాతవి, కొత్తవి.

"ఇవి మందు వాతలు కాదు. మా నాయన పెట్టినాడు."

దాన్ని ఎత్తుకునే హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. ఆయన అలవాటుగా డబ్బీ తీశాడు. ఆ చెయ్యి చూశాడు. మూత తెరవకుండానే డబ్బీ జేబులో పెట్టుకుని, "పదమ్మా, మణియగారింటికి పోదాం. నేనూ వస్తాను" అన్నాడు.

ఊరిపెద్ద మణియగారు ఆ తండ్రిని నిలదీసిందీ, పిల్లను సామల్పట్టిలో అమ్మమ్మ దగ్గరికి చేర్చిందీ తరువాతి మాట. నాకు బాగా గుర్తున్నది ఆ సాయంత్రం మేం నడిచిన దారి. నా వేలు పట్టుకున్న పిల్ల వంగి నా కాళ్ళకేసి చూసింది. చెప్పులు రెండూ ఉన్నాయి.

"ఈ తూరి పరిగెత్తవు కదా, ఐవారమ్మా?"

"పరిగెత్తనమ్మా" అన్నాను.