దస్తగిరి చేతిలో తోలుబంతి

ఈ పొద్దు మనవడి బంతికి సైకిల్ షాపులో గాలి కొట్టిస్తాంటే ఆ పాత రబ్బరు వాసన గుప్పుమన్నాది. యాభైలల్లో డోన్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినోళ్లారా, మీకు గుర్తుండాదా? బడి వదలంగానే మనకు ఫుట్‌బాల్ క్లబ్బు రేకుల షెడ్డులో ఎక్కాలు. క్లబ్బు గోల్‌కీపర్ ఓబులేసు సారు గాలి తీసిన తోలుబంతిని ఒళ్లో పెట్టుకొని కూర్చునేటోడు. సరైన జవాబు చెప్తే ఒక పంపు గాలి కొట్టేటోడు. తప్పు చెప్తే ఉన్న గాలంతా బుస్సుమని వదిలేసేటోడు. ఆ రోజుకింక ఆట లేదు.

ఒక సాయంత్రం బంతి దాదాపు నిండింది. పొద్దు వాలతాండాది. వంతు మా జతగాడు దస్తగిరికొచ్చింది. వాడు ఒక్కనాడూ సరిగ్గా చెప్పినోడు కాదు.

"పదిహేడు ఎనిమిదులెంతప్పా?"

సారు వేలు ట్యూబు మూతి మీద ఉండాది.

"తప్పు చెప్పినావో, సచ్చినావురా" అని నేను పళ్లు కొరికినా.

వాడు వేళ్లు మడిచి లెక్కబెట్టుకున్నాడు. "నూట ముప్పై ఆరు."

సారు పంపు ఒత్తినాడు. బంతి రాయిలా బిగిసింది.

"మొదటి కిక్కు నీదే" అని వాడి చేతికిచ్చినాడు.

దస్తగిరి తన్నలేదు. బంతిని కడుపుకు కరుచుకొని అట్లే నిలబడినాడు. పొద్దు మునిగిపోయినా, మాలో ఒక్కడూ ఇయ్యమని అడగలేదు.