బావగారి బండి చప్పుడు

కార్బురేటరంటే ఏమిటో పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది దాకా నాకు తెలియదు. తెలియకుండానే పోయినా బాగుండేది.

మా బావగారు బుల్లిరాజుగారిది యుద్ధం నాటి సీమ మోటార్‌సైకిలు. దాని చప్పుడు చప్పుడు కాదు, పిడుగులు. మా లంకలో ఇసకా కొబ్బరితోటలూ తప్ప దారులెక్కడివి? అందుకని బండి గోదావరి అవతల, రేవు దగ్గర టీకొట్టు పాకలో ఉండేది. ఆయన పడవ దాటి, దాన్ని తీసుకుని పాలకొల్లు వెళ్లొచ్చేవారు.

ఆఖరి పడవ దీపాలవేళకి. పడవ నడిపే అప్పాజీ గట్టు మలుపులో ఆ పిడుగులు వినిపిస్తే ఎంతసేపైనా ఆగేవాడు. వినిపించకపోతే రాజుగారు ఊళ్లోనే ఉండిపోయారని పడవ తోసేసేవాడు. ఇవతల మా అక్క పాపాయి కూడా అదే చప్పుడు విని ఆయన స్నానానికి నీళ్లు కాగబెట్టేది. అక్కంటే సొంత అక్క కాదు, తోడికోడలు. కానీ ఏ సొంత అక్కా నన్నంత బాగా చూడలేదు.

అక్కకి ఉబ్బసం. మందు పాలకొల్లు నుంచి బావగారే తేవాలి. ఆ ఏడు బండి కార్బురేటరు పూర్తిగా అరిగిపోయింది. పెట్రోలు కారిపోయి బండి ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. మార్చమంటే, "సీమ సరుకు, మళ్లీ దొరుకుతుందా?" అనేవారు బావగారు.

"సీమ సరుకు మొహం!" అంది అక్క ఆరోజు పొద్దున్న. "నా మందేమో మీ జేబులో, మీరేమో ఎవరి అరుగు మీదో, నేనేమో ఇక్కడ ఎగపోసుకుంటూ! కొత్తది వేయించకుండా గుమ్మం తొక్కారంటే చూడండి."

మెకానిక్ మల్లేశ్వరరావు ఆయన ముందు రెండు పెట్టాడట. "ఇది తుక్కుబండిలోంచి తీసిందండి. మీ బండిదేనండి. అదే చప్పుడు, అదే తాగుడండి. ఇదేమో కొత్తదండి, వేరే బండిది. సర్ది బిగిస్తానండి. ఇంక దారిలో ఆగడమంటూ ఉండదండి." బావగారి చెయ్యి పాతదాని మీదికే వెళ్లిందట. అంతలో అక్క మాట గుర్తొచ్చి నవ్వి, "కొత్తదే బిగించవయ్యా, లేకపోతే ఇంట్లో అన్నం పెట్టరు" అన్నారట. ఆ మంచివాడు పనిలో పనిగా సైలెన్సరు కన్నం కూడా అతికి పంపాడు.

సాయంత్రానికి అక్కకి ఆయాసం ముంచుకొచ్చింది. లంకలో కాంపౌండరున్నాడు, మందే లేదు. అక్క గోడకి చేరగిలపడి గోదారి వైపే చెవి పెట్టింది. నేను కర్పూర తైలం రాస్తుంటే నా చెయ్యి పట్టుకు ఆపింది. అవతల గట్టు మీద ఏదో బండి పోతోంది.

"ఎవరిదోనే. ఎంత మెత్తగా పోతోందో! మీ బావగారిదీ అలా ఉంటే ఎంత బాగుండును" అంది, మాట మాటకీ ఆగుతూ.

ఆ బండి బావగారిదే! ఇంజెక్షను సీసాలు పగులుతాయని నెమ్మదిగా వస్తున్నారు. అప్పాజీ ఎలాగూ ఆగుతాడన్న ధీమా. అప్పాజీ కూడా విన్నాడు. ఎవరో ఆఫీసరుగారు నరసాపురం పోతున్నారనుకుని పడవ తోసేశాడు. బావగారు రేవులోకి దిగేసరికి పడవ నడిగోదాట్లో ఉంది. ఆ బండికి హారన్ ఏనాడూ లేదు, అవసరమూ పడలేదు. గొంతు చిరిగేలా అరిచారు. తెడ్ల చప్పుడులో అప్పాజీకి వినపడలేదు.

పడవలో బావగారు రాలేదని తెలిసి, "అయితే ఇవాళ ఇంక రారు" అని అక్క తల వాల్చేసింది.

జాలర్ల కాళ్లావేళ్లా పడి, చిన్న నావ కట్టించుకుని ఆయన వచ్చేసరికి నేను అక్క కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాను. తువ్వాల్లో చుట్టి తెచ్చిన సీసాల్లో ఒక్కటీ పగల్లేదు.

అప్పాజీ మా వాకిట్లో తల బాదుకున్నాడు. "నేనే చంపేశానండి అమ్మగారిని! మీ బండని పోల్చుకోలేకపోయానండి!"

"నువ్వేం చేస్తావురా, దాని గొంతే మార్చేశాను కదా" అన్నారు బావగారు.

పెద్దకార్యం అయ్యాక ఆయన పాలకొల్లు వెళ్లి కొత్తది పీకించేసి, ఆ కారిపోయే పాతదాన్నే మళ్లీ పెట్టించారు. అతుకు కూడా ఊడబెరికించారట. సాయంత్రం గట్టు మీద పిడుగులు. పిచ్చిదాన్ని, నేను లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టాను. ఆయన వచ్చి పీట మీద కూర్చున్నారు.

"అమ్మా, ఆవేళ నా బండి చప్పుడు పాపాయి విందా?"

"వింది బావగారూ."

"ఏమంది?"

నా నోట్లో నువ్వుగింజ నానదని లంకంతా చెప్పుకుంటారు. ఆ పూట మాత్రం సగం మాట మింగాను.

"ఎంత మెత్తగా పోతోందో అంది."

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"తన కోసమే వేయించానమ్మా" అన్నారు.