కృపావరం వదిన సెంటు

మా అన్న భార్య కృపావరం నంద్యాల–ఆళ్లగడ్డ బస్సులో కండక్టరు. ఏప్రిల్ ఎండల్లో ఆ బస్సెక్కితే మనుషులు చెమటతో ఉడికిపోతారు. వదిన టికెట్టు కొట్టడానికి దగ్గరికొచ్చిందంటే మాత్రం నిమ్మకాయ కోసిన వాసన, దాని వెనకే మల్లెపూల వాసన. కోడలు రమ్య తెచ్చిచ్చిన సెంటు అది. "అక్కా, యాడ కొన్నావ్?" అని శిరివెళ్ళలో ఎక్కే ఆడవాళ్ళు అడుగుతుంటే మురిసిపోతుంది.

మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. వదిన మానేసి ఇరవై ఆరేళ్ళు. పెళ్ళికి ముందు మూరెడు మల్లెలు లేనిదే గడప దాటని మనిషి! ఆ దిగులు ఆమె బయటికి చెప్పదు కానీ నాకు తెలీదా? మరి సెంటు కూడా పూలలెక్కేనా? అడిగితే వద్దంటారేమోనని వదిన ఎవర్నీ అడగలేదు. డ్యూటీ రోజుల్లో పూసుకునేది, చర్చికి వచ్చేటప్పుడు మానేసేది. స్త్రీల కూటంలో పాట ఎత్తేది ఆమే. సెంటు తప్పని ఆ పాట ఇంకొకరికి ఇచ్చేస్తే ఆమెకు ప్రాణం పోయినంత పని.

మొన్న శనివారం డ్యూటీ దిగి నేరుగా కూటానికి వచ్చేసింది. చర్చి వాకిట్లో గుర్తొచ్చింది సెంటు సంగతి. కొళాయి కింద మెడ, చేతులు రుద్దింది. పోతేనా!

"నీ సంచిలో తలనొప్పి మందుంటే ఇయ్, బేగా," అంది వాకిట్లో ఎదురైన నాతో. తీసుకుని మెడంతా పులిమేసింది. అయ్యో ప్రభువా, ఆసుపత్రిలో పెళ్ళి జరుగుతున్నట్టు ఉంది ఆ వాసన! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"ఏం దొంగతనం చేసినావని వదినా ఈ దాపరికం?"

"నీకేం, నువ్వు పాడేదానివా?" అని నా మీదే ఎగిరింది.

లోపల చివరి వరుసలో ముసుగు బిగించుకుని కూర్చుంది. పాట ఎత్తమంటే గొంతు బాగాలేదంది. పాస్టరుగారి భార్య లూదియమ్మ డెబ్భై ఏళ్ళ మనిషి. ఆమె మెల్లగా నడిచొచ్చి వదిన ముందు ఆగింది.

"ఏందీ, మల్లెపూలు పెట్టుకున్నావా?"

వదిన ముసుగు తీసి తల చూపించింది.

"లేదమ్మగారూ. సెంటు. ఎండాకాలమంతా పూసుకుంటాండా. నాకిష్టం. తప్పయితే చెప్పండి, మానేస్తా," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, ఎందుకు దాచాలి?

లూదియమ్మ వదిన చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నేను మల్లెలు ముట్టి నలభై ఏళ్ళాయ," అంది. "లేయ్. నా పక్కన నిలబడి పాడు."

వదిన పాడింది. పాట అయ్యేదాకా అమ్మగారు ఆ చెయ్యి వదల్లేదు.