కాకికిచ్చిన మాట

కంపెనీ నన్ను చైనాకి పంపింది రాళ్ళు చూడటానికి కాదు. ఒడిశాలో టికిరి దగ్గర నేను పనిచేసే అల్యూమినా రిఫైనరీకి కొత్త ఫిల్టర్లు కావాలి, అవి తయారయ్యే ఫ్యాక్టరీ నాన్జింగ్ దగ్గర ఉంది, వెళ్ళి చూసి తల ఊపి రావాలి. తల ఊపడం శనివారానికే పూర్తయింది. ఆదివారం హోటల్లో పడుకుందామనుకున్నాను. అతిథి పడుకోవడం వాళ్ళకి అవమానం కాబోలు, పొద్దున్నే కారెక్కించి ఊరి అవతల ఒక పాత రాతి గనికి తీసుకెళ్ళారు.

అక్కడ కొండలోంచి సగం బయటికొచ్చి ఆగిపోయిన మూడు రాళ్ళున్నాయి. ఒకటి పీఠం, ఒకటి శిలాఫలకం, ఒకటి దాని తల. మూడూ ఒకదానిమీద ఒకటి నిలబడి ఉంటే ఇరవై అంతస్తుల పైమాటేనట. పీఠం కింద తొలిచిన చోట కొండకీ దానికీ మధ్య ఇంకా రాతి కాళ్ళు మిగిలే ఉన్నాయి, పని ఆపి టీకి వెళ్ళినట్టు. తిరిగి రాలేదు, అంతే. వందల ఏళ్ళుగా.

గైడు ఒక అమ్మాయి. ఆమె చైనా భాషలో చెబితే ఆమె ఫోను హిందీలో చెప్పింది. ఆ ఫోను హిందీ మా హెడ్డాఫీసు హిందీ కంటే శుభ్రంగా ఉంది. కథ ఇది: ఒక చక్రవర్తి, అన్న కొడుకు మీద యుద్ధం చేసి సింహాసనం ఎక్కాడు. ఎక్కాక చనిపోయిన తండ్రిని పొగుడుతూ సమాధి దగ్గర ఒక రాయి నిలబెట్టాలనుకున్నాడు. వేలమంది తొలిచారు. రోజుకింత రాతి పొడి చూపించలేని వాడి తల తీసేవారని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. పక్కనున్న పల్లె పేరుకి అర్థమే సమాధులని. ఇంతా అయ్యాక, దీన్ని ఎలా కదుపుతాం అన్న సందేహం ఎవరికో వచ్చింది. రాళ్ళు అక్కడే ఉండిపోయాయి. సమాధి దగ్గర చిన్నదొకటి నిలబెట్టి ఊరుకున్నారట.

అంత పెద్దది ఎందుకో నాకు అర్థమైంది. తండ్రి తనవైపే ఉన్నాడని, తండ్రి పోయాక లోకానికి చెప్పాలంటే రాయి కొంచెం పెద్దదే పడుతుంది.

మా ఊరు రాయగడ వచ్చాక ఆ ఫొటోలు నాన్నకి చూపించాను. నాన్న రెవెన్యూలో చేసి రిటైరయిన మనిషి. మాది తాతల కాలం నుంచీ జమీను కచేరీల్లో కలం పట్టిన కుటుంబం. రాజులు పోయారు, కుర్చీలు మారాయి, కూర్చునే పద్ధతి మాత్రం మారలేదు. నాన్న ఫోను దూరంగా పట్టుకుని, సర్వేకి వచ్చినట్టు చూశారు.

"దీన్నెలా కదుపుదామనుకున్నాడ్రా?"

"అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయుంటాది నానా."

"వాళ్ళ నాన్నకి ఈ కొడుకంటే ఇష్టవేనా?"

"గైడు సెప్పలేదు."

"సెప్పదు," అని ఫోను తిరిగిచ్చేశారు.

ఇద్దరికీ అన్నయ్యే గుర్తొచ్చాడు. ఇద్దరమూ అనలేదు. అన్నయ్య పేరెత్తకుండా ఎంతసేపైనా మాట్లాడగలగడం మా ఇంట్లో అందరికీ అబ్బిన విద్య.

అన్నయ్య ఒకప్పుడు బోరిగుమ్మలో బడిపంతులు. ఆ ఉద్యోగం వదిలేసి, లక్ష్మీపూర్ వైపు ఒక కొండ లీజుకి తీసుకుని, నల్లరాయి తీయడం మొదలెట్టాడు. మొదటి లోడు దిగిన రోజు మిఠాయి పట్టుకుని ఇంటికొచ్చాడు. నాన్న పొట్లం వైపు చూసి, "కొండని పేల్చి తెచ్చిన కూడు నేను ముట్టనురా," అన్నారు. మామూలు ఇళ్ళలో అలాంటి మాటలు కోపం తగ్గాక ఎగిరిపోతాయి. నాన్న సర్వీసంతా ఏ కొండ ఎవరి హద్దులో ఉందో కాపాడిన మనిషి. ఆయన దాన్ని రూలుగా రాసుకున్నారు.

అన్నయ్య ఇల్లు మా పక్కవీధే. గృహప్రవేశానికి నాన్న వెళ్ళారు, గడప బయట నిలబడి అక్షింతలు వేశారు, మంచినీళ్ళు ముట్టకుండా వచ్చేశారు. దీపావళికి అక్కణ్ణుంచి వచ్చే పళ్ళెం పనిమనిషికి వెళ్ళేది, తోమిన పళ్ళెం ఎంతో మర్యాదగా వాళ్ళింటికి తిరిగి వెళ్ళేది. అమ్మ పెరటి దారిన వెళ్ళి తినొచ్చేది. నాన్నకి తెలుసు. తెలియనట్టు ఉండటం ఆయన అమ్మకిచ్చిన స్వేచ్ఛ. నేను మటుకు అన్నయ్య ఇంట్లో భోజనాల వేళకి ఎప్పుడూ ఏదో ఒక పని పెట్టుకునేవాణ్ణి. వద్దని ఎవరూ అనలేదు. ఎవరూ అననివే మా ఇంట్లో గట్టి చట్టాలు.

చైనా ఫొటోలు అన్నయ్యకీ చూపించాను, క్వారీ దగ్గరి రేకుల గదిలో. వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"పగులు లేదేటి?"

"లేదట."

"ఏటి రాయిరా," అన్నాడు. నేను చూపించింది ఒక పొరపాటు. అన్నయ్య చూసింది ఒక రాయి.

నాన్న వానలు వెనకబట్టే రోజుల్లో, మధ్యాహ్నం పేపరు చదివి మడతపెట్టి, పోయారు. పెద్దకొడుకు కాబట్టి కర్మ అన్నయ్యే చేయాలి. దీన్ని మాత్రం నాన్న రూలు ఆపలేదు. ఆపడానికి ఆయన లేరు.

నాగావళి ఒడ్డున చేశాం. మాలో పద్ధతేమిటంటే, పోయిన మనిషిని ఒక రాతిలోకి పిలుస్తారు. ఆయన మీద కప్పిన బట్టలోంచి ఒక పీలిక చింపి ఆ రాతికి చుడతారు. పదో రోజు వరకూ ఆ రాయే ఆయన. రోజూ దానికి నువ్వులూ నీళ్ళూ వదిలి, అన్నం ముద్ద పెట్టి, చివర్లో నీళ్ళలో వదిలేస్తారు. వదిలితేనే ఆయన ప్రయాణం.

మొదటి రోజు అన్నయ్య తన క్వారీ నుంచి రాయి పట్టుకొచ్చాడు. పిడికెడు నల్లరాయి, నాలుగు వైపులా కోసి, పాలిష్ పట్టి. అందులో పురోహితుడి ముఖం కనిపించింది. ఆయనకి అది నచ్చలేదు.

"ఏటి నాయనా ఇది, గచ్చుకా?"

"మా దాంట్లో మంచి రాయండి."

"మరీ మంచిది. మీ నాన్నగారు ఇందులోకి దిగబోతే కాలు జారిపోద్ది. ఉలి ముట్టనిది ఇసకలో ఏదో ఒకటి ఏరు."

అన్నయ్య పాలిష్ రాయిని చొక్కా జేబులో వేసుకుని, వంగి, ఇసకలోంచి ఒక బూడిదరంగు రాయి ఏరాడు. మామిడి టెంకలా ఉంది. నాన్న అందులోకి వచ్చారు. వచ్చారనే అందరం అనుకున్నాం.

తర్వాతి రోజుల్లో అన్నయ్య ఆ రాయి ముందు కూర్చున్న తీరు నేను మరిచిపోలేను. ముద్ద చేత్తో మళ్ళీ మళ్ళీ గుండ్రం చేసేవాడు, పసిపిల్లాడికి పెట్టేటట్టు. అన్నేళ్ళ తర్వాత నాన్న అతని చేతి అన్నం ముందు లేవకుండా కూర్చున్నారు. రాయి కాబట్టి.

పదో రోజు ముద్దలు కాకికి పెట్టాలి. కాకి ముట్టిందంటే పోయినవారికి మనసులో ఏమీ మిగల్లేదని. కరెంటు తీగ మీద కాకులు వరసగా కూర్చున్నాయి. ముద్దల్ని చూశాయి. మమ్మల్ని చూశాయి. దిగలేదు. ఎండ ఎక్కింది.

"ఏదో ఉండిపోయింది లోపల," అన్నాడు పురోహితుడు. "ఎవరికి తోచిన మాట వాళ్ళివ్వండి."

వేళకి మందులు వేసుకుంటానంది అమ్మ. అమ్మని చూసుకుంటానని నేనన్నాను. ఒక కాకి ముక్కు గోక్కుంది. అందరూ అన్నయ్య వైపు తిరిగారు. అమ్మ అతని చెవి దగ్గరికి వంగింది.

"క్వారీ మూసేస్తానను బాబూ. ఒక్క మాట. కాకి వింటాది."

అన్నయ్యకి వినిపించింది. నాకే వినిపించింది, అతనికి వినపడకపోవడమేమిటి. అతను చేతులు జోడించి తీగ వైపు చూశాడు.

"నానా, నీ పేరున రాయి నిలబెడతాను. ఒకటే రాయి, అతుకు లేకుండా. ఈ సుట్టుపట్ల అలాటిది లేదనిపిస్తాను."

ఆ కాకి లేచింది, దాని వెనకే మిగతావీ. ఏటి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాయి.

పురోహితుడు వాచీ చూసుకుని, దర్భలతో ఒక కాకిని చేసి, దాని ముక్కు ముద్దకి తాకించి, "తిన్నట్టే," అన్నాడు. అన్నయ్య మొలలోతు నీళ్ళలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి, రాయి వదిలాడు. చప్పుడు నేను విన్నాను.

ఆ తర్వాత అతను ఆ రాయి పనిలోనే ఉన్నాడు. కొండలో పగుల్లేని చోటు వెతికించాడు. మందు పెట్టి పేల్చనివ్వలేదు; వజ్రపు పలుకులు పొదిగిన ఇనప తీగతో కోయించాడు. ఎండల నాటికి ఆ రాయి క్వారీ అడుగున పడుకుని ఉంది, నిలబెడితే మా వీధిలో మేడలన్నీ తలెత్తి చూడాల్సినంత పొడుగు. పడుకున్నదాని మీదే చెక్కేవాణ్ణి కూర్చోబెట్టి నాన్న పేరు మొదలెట్టించాడు. రాయగడలోకి వచ్చే రోడ్డు పక్కన స్థలం సిద్ధం చేసి, పునాది కూడా తీయించాడు.

దాన్ని పట్టుకెళ్ళడానికి విశాఖపట్నం నుంచి బోలెడు చక్రాల ట్రైలరు వచ్చింది. ఒడియా డ్రైవరు దిగి, క్వారీలోంచి పైకొచ్చే ర్యాంపు పైకీ కిందకీ నడిచి, పాన్ ఉమ్మి, "హెబొ నాహి బాబు," అన్నాడు. అవదని. అన్నయ్య వినలేదు. క్రేన్లు కట్టి, కిందనుంచి లాగించి, ర్యాంపు మొదటి మలుపు దాకా తెచ్చారు. అక్కడ రాయి అడ్డం తిరిగి గోడకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

వచ్చినా లాభం లేదని డ్రైవరు తర్వాత నాకు చెప్పాడు. ఘాటీ రోడ్డులో ఆ మలుపులు తిరగదు, కల్వర్టు ఆగదు. అన్నయ్య రాయిని అన్ని వైపులా కొలిచాడు. రోడ్డుని కొలవలేదు. ఈ విషయంలో అతను చక్రవర్తితో సమానం.

రాయి అడ్డుపడ్డాక లోపలి యంత్రాలు లోపలే ఉండిపోయాయి, బయటి లారీలు బయటే. రెండు ముక్కలు చేస్తే దారి వస్తుందని మేస్త్రీ అన్నాడు.

"నాన్న పేరుందిరా దాని మీద," అన్నాడు అన్నయ్య.

పేరు సగమే ఉంది. అయినా మేస్త్రీ ఉలి సంచిలో వేసుకున్నాడు. పనివాళ్ళు ఒక్కొక్కరే వేరే క్వారీలకి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం, "ఆయన మాట ఆయనే నెగ్గించుకున్నారు," అంది, సంతోషమో కాదో తెలియకుండా.

నాన్న సంవత్సరీకం, ఏడూడి పెట్టిన మర్నాడు నేను డ్యూటీకి వెళ్తూ దారి మార్చి క్వారీకి వెళ్ళాను. అన్నయ్య రోజూ అక్కడే ఉంటున్నాడని వదిన చెప్పింది. క్వారీ పనే లేదు, ఏం చేస్తాడో తెలియదంది. మిట్టమధ్యాహ్నం. రేకుల గదిలో ఫ్యాను కింద కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద టిఫిన్ క్యారేజీ. పక్కన మామిడి టెంకలా ఒక బూడిదరంగు రాయి. దానికి పీలిక ఇంకా చుట్టే ఉంది, పసుపురంగు వెలిసిపోయి.

వేలితో పీలిక అంచు ఎత్తి చూశాను.

"మరి ఆ రోజు నీళ్ళలో ఏటి పడేసేవు?"

"జేబులోది. పాలిష్‌ది."

"ఎందుకూ?"

"తినకుండా ఎల్లిపోమని ఎలా సెప్పీది?"

దీనికి జవాబు పురోహితుడి దగ్గర ఉంటుంది గానీ అతన్ని అడిగితే మళ్ళీ మొదట్నుంచీ చేయమంటాడు.

అన్నయ్య క్యారేజీ తీసుకుని బయటికి నడిచాడు. వెనకే వెళ్ళాను. పెద్ద రాయి ఎక్కాం. చెక్కిన అక్షరాల్లో నిన్నటి వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. చిన్న రాయిని ఆ సగం పేరు పక్కన పెట్టాడు. క్యారేజీ పైగిన్నెలోంచి అన్నం తీసి, ముద్ద గుండ్రం చేసి, దాని ముందు పెట్టాడు. కొంచెం దూరం జరిగి కూర్చున్నాం.

ఆ కొండ మీద పక్షి లేదు. ఏళ్ళ తరబడి పేల్చిన చోటు, ఏ పక్షి ఉంటుంది. ఆకాశం శుభ్రంగా ఉంది.

"పేలుడు ఆగి ఇన్ని నెలలయింది," అన్నాడు. "వస్తాయి."

"రోజూ పెడతన్నావా?"

"ఆ."

చీమలొచ్చాయి. చీమల గురించి శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. కూర్చున్నాం. రాయి వేడెక్కింది. నాన్న అయితే ఈపాటికి పేపరు ఒక పేజీ తిప్పి ఉండేవారు.

"నువ్వేనా తింటావేటి?" అన్నాడు అన్నయ్య, నావైపు చూడకుండానే.

నాకు డ్యూటీ ఉంది. టికిరి ఇంకా దూరం. ఇలాంటప్పుడు చెప్పడానికి పనులు నా దగ్గర ఎప్పుడూ రెండు మూడు సిద్ధంగా ఉంటాయి. క్యారేజీ కింది గిన్నె నా ముందుకి జరిపాను. అన్నయ్య అన్నం పెట్టి, పప్పు వేశాడు.

పప్పులో ఉప్పు లేదు. బాగుందన్నాను. అన్నయ్య ఇంకో గరిటె వేశాడు.